కాలువగట్టు మీద కొత్తబండి

ద్రాక్షారామమున భీమేశ్వరస్వామివారి ఆలయము ముంగిట ఏ శుభదినమున నిలిచి చూచినను, పసుపు కుంకుమలతో, బంతిపూల దండలతో అలంకరించిన కొత్తబండి యొకటి కంటబడక మానదు. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదురు. కొబ్బరికాయ కొట్టుదురు. ఇంటిల్లిపాదియు బండి ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొందురు. ఆ సమయమున బండి కొన్న కుమారుని ముఖమున సంతోషమును, అతని తండ్రి ముఖమున కొంత ఆలోచనయు మేము పలుమారు గమనించితిమి. ఆ ఆలోచన దేనిని గూర్చియో తెలిసికొనుటకు జ్యోతిషము అక్కరలేదు. బండి వచ్చినది, అప్పును వచ్చినది. అయితే ఆ ఆలోచన పూజనాటికి కాక, దానికి పదిదినముల ముందు రావలసినది. నేటి మా ప్రసంగము ఆ పదిదినములను గూర్చియే.

మన డెల్టాలో బరువులు మోసినది చాలకాలము నీరే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. 1928లో కాకినాడనుండి ద్రాక్షారామము మీదుగా కోటిపల్లికి రైలు వచ్చినది. 1940లో యుద్ధావసరముల నిమిత్తము ఆ పట్టాలను పెరికి తీసికొనిపోయిరి. అవి తిరిగి పడుటకు 2004 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ నడుమ నున్న అరువదినాలుగేండ్లలో పడవ వెనుకబడినది, లారీ ముందునకు వచ్చినది. కాని రోడ్డునకు వేరుగా చోటెక్కడిది? పొలము విడుచుటకు ఎవరికిని మనసొప్పదు. కనుక రోడ్డు కాలువగట్టు మీదికే ఎక్కినది. పడవ నడిచిన కాలువ ప్రక్కనే నేడు మన బండి నడుచుచున్నది. షోరూములో బండిని చూచునపుడు ఈ గట్టు మన కనులముందు ఉండదు. వచ్చిన చిక్కంతయు అక్కడనే.

మా పినతండ్రిగారి కుమారుడు ద్రాక్షారామము దాపున వ్యవసాయము చేయుచున్నాడు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్నకార్ల మీదను, సరకుబండ్ల మీదను జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినదని విని, అతడు బండి కొన నిశ్చయించుకొన్నాడు. అతనికి కావలసినది ధాన్యమును మిల్లునకు, కొబ్బరికాయలను సంతకు చేర్చు బండి. అతని కుమారునికి కావలసినది పైకప్పు తెరచుకొను కారు. ఇల్లాలికి కావలసినది పెండ్లిండ్లకు పేరంటములకు పోవుటకు ఏదో ఒకటి. ఈ మూడు కోరికలును ఒక్క బండిలో ఇముడునా అని మమ్మడిగినాడు. ఇమడవని మేము చెప్పితిమి. సరకుబండి వెనుక బల్లలు వేసి పెండ్లివారిని ఎక్కించుట మన ప్రాంతమున వాడుకయైనది. దానిని మించిన ప్రమాదకరమైన వాడుక మరియొకటి లేదు. పట్టుకొనుటకు ఏమియు లేదు, కట్టుకొనుటకు బెల్టు లేదు, ప్రక్కన కాలువ.

సరకుబండ్ల దుకాణమునకు మేమును అతనితో పోయితిమి. అచటి కుర్రవాడు చురుకైనవాడు. "బస్తాలెన్నేసినా లాగేత్తాదండి, మీరు బెంగెట్టుకోకండి" అన్నాడు. మాకు ఆ మాటయే బెంగ కలిగించినది.

లెక్క చూడుడు. 2005లో టాటావారు ఏస్ అను చిన్నబండిని తెచ్చినపుడు దాని ఇంజను రెండు సిలిండర్లది, సుమారు 700 సి.సి.ది. అది మోయదగిన బరువు 750 కిలోలు. గోదావరి జిల్లాలలో ధాన్యపు బస్తా 75 కిలోలు. అనగా నియమము ప్రకారము పది బస్తాలు. 1,700 కిలోలు మోయు పికప్ బండియైనచో ఇరువదిరెండు బస్తాలు. కాని మన కళ్ళములవద్ద పది బస్తాల బండిమీద ఇరువది బస్తాలు వేయుట చూడనివారెవరు? అది కదలును, సందేహము లేదు. నేటి ఇంజన్లు అంత బలము గలవే. అయితే లాగుట ఇంజను పని, ఆపుట బ్రేకుల పని. బ్రేకులు పది బస్తాల లెక్కకు చేసినవి. అట్లే కమాను కట్టలు, ఇరుసు, టైర్లు. బరువంతయు వెనుకకు పడినచో ముందుచక్రములు తేలికపడి స్టీరింగు చెప్పిన మాట వినదు. గట్టుమీద మలుపునకు వచ్చినపుడు ఈ సంగతి డ్రైవరునకు తెలియును. కాని అప్పటికి ఆలస్యమగును. కావున కొనువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న, బండి ఎంత లాగునని కాదు, తనకు నిత్యము ఎన్ని బస్తాల పని యున్నదని. ఇరువది బస్తాల పని యున్నవాడు ఇరువది బస్తాల బండియే కొనవలెను, లేదా రెండుమారులు తిరుగవలెను.

రెండవది, ఇంధనము. ఇచ్చట మా అనుభవమొకటి చెప్పవలసియున్నది. మా దగ్గరి బంధువొకరు డీజెలు కారు కొన్నారు. మైలేజి ఎక్కువ, డీజెలు కొంత చవుక, ఇంకేమి కావలెను అనుకొనిరి. ఆయన ప్రయాణము ఉదయము ద్రాక్షారామమునుండి రామచంద్రపురము, సాయంకాలము తిరిగి ఇల్లు. కొన్ని నెలలకు డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చని దీపమొకటి వెలిగినది. దీపమే గదా అని ఆయన ఊరకున్నారు. తరువాత బండి బలము తగ్గినది, వర్క్‌షాపునకు పోయినది, పెద్ద బిల్లు వచ్చినది. అమ్మినవారు ఈ సంగతి ముందుగా ఒక్క ముక్కయైనను చెప్పలేదు.

జరిగినదేమనగా, 2020 ఏప్రిల్ 1నుండి దేశమున అమ్ము బండ్లన్నియు భారత్ స్టేజి 6 నియమములకు లోబడవలెను. అందుచే డీజెలుబండి పొగగొట్టములో మసిని పట్టియుంచు జల్లెడ వంటి ఫిల్టరును అమర్చిరి. పొగ తగ్గినది, మంచిదే. కాని చేరిన మసిని ఆ ఫిల్టరు తనలోనే కాల్చివేసికొనవలెను. కాలుటకు వేడి కావలెను, వేడికి కొంతసేపు ఆగకుండ ఒకే వేగమున పరుగు కావలెను. గేదెలకు, గడ్డిమోపులకు, ఆటోలకు దారి యిచ్చుచు ఐదారు కిలోమీటర్లు పోయి ఆగు బండికి ఆ వేడి యెక్కడినుండి వచ్చును? కావున దగ్గర ప్రయాణములే యున్నవారు పెట్రోలునో గ్యాసునో ఎన్నుకొనుట మేలు. డీజెలే కావలెనన్నచో అప్పుడప్పుడు రాజమహేంద్రవరము హైవేమీదికి తీసికొనిపోయి పుస్తకములో చెప్పినట్లు నడిపింపవలెను. ఆ పుస్తకము బండితోబాటే వచ్చును. మనవారు దానిని అట్టలో నుంచి తీయరు.

విద్యుత్తు బండ్ల మాట చాలమంది అడుగుచున్నారు. 2022లో ఏస్ బండి విద్యుత్తుతో నడుచు రూపమునను వచ్చినది. 600 కిలోల బరువు, ఒకమారు నింపిన 154 కిలోమీటర్లు అని కంపెనీవారి మాట. నిజముగా నడుచునది దానికి కొంత తక్కువ యనుకొనుట క్షేమము. పాలు, కూరగాయలు, కిరాణా సరకు దినమును ఒకే దారిన చేర్చువారికి ఇది అనుకూలమే. ఇంటివద్ద రాత్రి ఛార్జింగు పెట్టుకొనవచ్చును. అయితే 1996 నవంబరు 6నాటి తుఫాను చూచినవారు, కరెంటు స్తంభములు పడి దినముల తరబడి చీకటిలో నున్న ఊళ్ళను మరచిపోజాలరు. ఇంటిలో ఉన్నది అదొక్కటే బండియైనచో ఆ సంగతిని ఆలోచింపవలెను.

ఇక గట్టు మాటకు వత్తము. మా దృష్టిలో మిగిలిన సౌకర్యములన్నియు దీని తరువాతివే.

2019 ఏప్రిల్‌నుండి అమ్ము కార్లన్నిటికిని ఎ.బి.ఎస్. అను బ్రేకు ఏర్పాటు ఉండవలెను. గట్టిగా బ్రేకు తొక్కినను చక్రము బిగుసుకొనిపోదు. కావున స్టీరింగు పనిచేయుచుండును, ఎదుట వచ్చిన గేదెను తప్పించి పోవచ్చును. చిన్న సరకుబండ్లలో ఇది యున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. అయితే సార్వా కోతల తరువాత మన రోడ్లమీద ధాన్యము ఆరబోయుదురు గదా. ఆ గింజలమీద చక్రము జారును. అచట ఏ బ్రేకును తక్షణము ఆపజాలదు. నిదానమే దిక్కు. రాత్రివేళ దీపముల వెలుగు గట్టు అంచువరకు పరచుకొనవలెను. పగలు షోరూములో నిలిపి చూచిన బండికి రాత్రి గట్టుమీద వెలుగు ఎంతయో ఎట్లు తెలియును? ఇరుకు సందులలో వెనుకకు నడుపునపుడు వెనుకనున్నది చూపు కెమెరా మొదట మాకు ఆడంబరముగా తోచినది. వెనుక కాలువ యున్న ఇండ్లవద్ద బండి త్రిప్పిన పిదప మా యభిప్రాయము మార్చుకొంటిమి.

2022నుండి కార్లలో ముందుసీట్లు రెండింటికిని ఎయిర్‌బ్యాగులు విధిగా నుండవలెను. బెల్టు కట్టుకొనని వానికి ఆ సంచివలన మేలుకంటె కీడు కలుగుటయు గలదు. 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షలో కార్లను గోడవంటి అడ్డునకు ఢీకొట్టించి చూచి, పెద్దలకు, పిల్లలకు వేర్వేరుగా నక్షత్రములు ఇచ్చుచున్నారు. రంగును చూచుటకు ముందు ఆ నక్షత్రములను, అందును పిల్లలకు ఇచ్చినవానిని చూడవలెను. మా తమ్ముని కుమారుడు అడిగిన పైకప్పు కిటికీ మాట? మే నెలలో ద్రాక్షారామపు ఎండను ఇంటిలోనికి పిలుచుకొనుటకు అధికముగా డబ్బిచ్చుట మాకు బోధపడలేదు. అతడు మాపై ఇంకను అలిగియే యున్నాడు. లారీడ్రైవర్ల క్యాబినులో 2025నుండి ఎ.సి. తప్పనిసరి చేసినదానిని మాత్రము మేము ఆడంబరమని అనము. ఎండలో పది గంటలు ఇంజను పక్కన కూర్చుండువానికి కునుకు రాకుండుట రోడ్డుమీది వారందరికిని రక్షయే.

దేవుడు రక్షించుగాక, బండి కాలువలో పడినచో ఏమి చేయవలెను? తలుపు తెరవబోవద్దు. వెలుపలి నీటి ఒత్తిడికి అది తెరుచుకొనదు. బండి కొద్దిసేపు తేలును. ఆ కొద్దిసేపటిలోనే బెల్టులు విప్పి, ప్రక్క అద్దము దించి, పిల్లలను ముందుగా బయటికి పంపవలెను. కరెంటుతో నడుచు అద్దములు నీట మునిగినచో పనిచేయకపోవచ్చును. అప్పుడు మొనగల చిన్న సుత్తితో ప్రక్క అద్దపు మూలను కొట్టినచో అది పొడిపొడిగా రాలును. ముందద్దము రెండు పొరలది, అది రాలదు. ఆ సుత్తి డిక్కీలో ఉన్నచో లేనట్లే. వరదనీట నిలిచిపోయిన బండిని, నీరు తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. ఇంజనులోనికి నీరు చేరియున్నచో లోపలి కడ్డీలు వంగును, మామూలు భీమా సాధారణముగా ఆ నష్టమీయదు. దానికి వేరుగా ఇంజను రక్షణ యనునది తీసికొనవలెను. 1986 ఆగస్టు వరదను, 2022 జూలై వరదను చూచిన జిల్లాకు ఇది అనవసరపు ఖర్చు కాదు.

డబ్బు మాట కొంచెము. ఎనిమిది లక్షలు నూటికి పది వడ్డీకి అయిదేండ్లకు అప్పు తెచ్చినచో నెలకు ఇంచుమించు 17,000 రూపాయలు కట్టవలెను. మొత్తము పదిలక్షల ఇరువదివేల వరకు అగును. వాయిదా నెలనెలా వచ్చును. పంట సార్వాకొకమారు, దాళ్వాకొకమారు వచ్చును. ఈ రెండును పొసగక, కొన్న రెండవ ఏటనే బండిని వదలుకొన్నవారిని మేమెరుగుదుము. బండి బాడుగలవలన ఎంత వచ్చునో, కిరాయి లేని నెలలలో వాయిదా ఎక్కడినుండి వచ్చునో కాగితముమీద వేసి చూచుకొనిన తరువాతనే సంతకము చేయవలెను.

మా తమ్ముడు కడకు ఒక చిన్న పెట్రోలు సరకుబండిని ఎన్నుకొన్నాడు. పెండ్లిండ్లకు కారు బాడుగకు తెచ్చుకొనుటకు ఇల్లాలు ఒప్పుకొన్నది. కొనుటకు ముందు, చూపుడుబండిని ద్రాక్షారామమునకే పంపవలెనని పట్టుబట్టినాడు. దానిలో పది బస్తాలు వేసి, కోటిపల్లి రేవువరకు నడిపినాడు. పూర్వమొకమారు ఆ రేవున పంటు ఎక్కునపుడు, వాలుబల్లకు మా కారు ముందుభాగము గీచుకొని మేము సిగ్గుపడిన సంగతి అతడు మరువలేదు. ఖాళీబండి ఎత్తు వేరు, బరువు వేసిన పిదప ఎత్తు వేరు. తిరుగు ప్రయాణము కావలెననియే చీకటి పడిన తరువాత పెట్టుకొన్నాడు. బండి చేతికి వచ్చిననాడు టైర్లమీది నాలుగంకెలను చదివి, అవి ఏ వారమున ఏ సంవత్సరమున తయారైనవో చూచుకొన్నాడు. సుత్తిని డ్రైవరుచేతికి అందునట్లు త్రాడుతో కట్టినాడు. తరువాతనే గుడికి వచ్చినాడు.

మొన్న మిల్లునకు ధాన్యము వేయుచుండగా మేమచటనే యుంటిమి. పది బస్తాలు వేసినారు. ఇంకను నాలుగు మిగిలినవి. "ఇయ్యి కూడా ఎక్కించెయ్యమంటారా అండీ?" అని హమాలీ అడిగినాడు. మా తమ్ముడు వానివంకను, గట్టువంకను చూచి, "వద్దులే, మళ్ళీ వత్తాను" అని తాళము త్రిప్పినాడు.