మెమో ఇస్తారని ఊరకుందామా?
(కర్నూలు, కడప జిల్లాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం)



వాన పడని ఈ సీమలో మన వాడల్లో ఒక్కనికి ఉద్యోగమొస్తే పది కడుపులు దాన్నే నమ్ముకుంటాయి. ఆ సంగతి పైఅధికారికీ తెలుసు. కులం పేరెత్తి తిట్టినా మనోడు నోరు మెదపడని ఆయన ధీమా. మెదిపితే మెమో, బదిలీ, సస్పెన్షన్.

ఈ భయం ఉత్తది కాదు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆస్పత్రి మత్తు డాక్టరు సుధాకర్, మన దళిత బిడ్డ, కరోనా మాస్కులు ఇవ్వడం లేదని అడిగినందుకు సస్పెండయ్యాడు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టేసిన దృశ్యం అందరం చూశాం. హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. మరుసటేడు మే నెలలోనే ఆయన గుండెపోటుతో పోయాడు. డాక్టరు గతే ఇదైతే, మునిసిపాలిటీలో చీపురు పట్టే అక్క మాటేంది?

1989 అట్రాసిటీ చట్టం ఉంది. పర్మినెంటు, ఔట్‌సోర్సింగ్ తేడా దానికి లేదు. కానీ అవమానం నలుగురి కంటబడే చోట జరగాలంటుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు తిడితే ఆ సెక్షను నిలవదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దొరేమో గది తలుపేసుకునే తిడతాడు! ఒంటరిగా పిలిస్తే తలుపు తీసిపెట్టమని అడగండి. తిట్టింది ఎవరు విన్నారో, ఏ తేదీ, ఏ వేళ, ఏ మాటన్నాడో ఆ రాత్రికే రాసిపెట్టుకోవాల. సాక్షి మన చుట్టమో స్నేహితుడో అయితే చాలదు.

ముందు విచారణ చేసి చూస్తామని ఎస్సై తిప్పిపంపే వీలు 2018 సవరణతో పోయింది. కేసు తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి. రశీదు పారేయొద్దు.

సర్కారు ఉద్యోగికి రాజ్యాంగం 311 అండ ఉంది. మామూలుగా విచారణ లేకుండా తీసేయలేరు. సస్పెండ్ చేస్తే జీవనభృతి ఇవ్వాల. మూడు నెలల్లో చార్జిమెమో ఇవ్వకుంటే సస్పెన్షన్ సాగదీయరాదని 2015లో సుప్రీంకోర్టు అన్నది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు ఈ గొడుగు లేదు. "రేపట్నుంచి రావద్దు" అంటే అయిపోయింది. వాళ్ల ఫిర్యాదు మీద సంఘం సంతకం ముందుండాల.

ఇంకోమాట. కేసు పెట్టిననాడు స్టేషనుకు వందమందిమి పోతాం. ఏడాది తర్వాత వాయిదానాడు ఆ ఉద్యోగి, ఆయన భార్య తప్ప ఎవరూ కనపడరు. రాజీ బేరాలు మొదలయ్యేది అప్పుడే. అందుకే మేం అడిగేది: వాయిదా తేదీలు సంఘం గోడ మీద రాయండి, ఎవరు ఏ తేదీకి తోడుపోవాలో వంతులేసుకోండి, బస్సు చార్జీలకు చందా ఈ సభలోనే మొదలుపెట్టండి.