నొప్పిని దాచుకోవద్దని చెప్పండి



మన అమ్మాయి పరుగుపందెంలోనో, కబడ్డీలోనో జిల్లా జట్టుకు ఎంపికైందంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. ఇరుగుపొరుగుకు మిఠాయిలు పంచుతాం. కాని మోకాలు నొప్పిగా ఉందా అని అడిగేవాళ్లం ఎంతమందిమి? ఈ రోజు ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను.

పల్నాడు పౌరుషానికి పెట్టింది పేరు. నాయకురాలు నాగమ్మ కథ వింటూ పెరిగిన పిల్లలు దెబ్బ తగిలినా "ఏం కాలేదమ్మా" అని పళ్లు బిగించి మళ్లీ ఆటకు దిగుతారు. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారేమోనన్న భయమూ ఉంటుంది. నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాలల్లోనైనా ఇదే వరస.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన పి.వి. సింధు కాలి నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. తర్వాత పరీక్ష చేస్తే ఎడమ పాదం ఎముకలో సన్నని చీలిక కనిపించింది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలకు వెళ్లలేకపోయింది. ఇలాంటి చీలిక ఒక్క దెబ్బతో వచ్చేది కాదు. విశ్రాంతి చాలక, పడిన చోటే మళ్లీ మళ్లీ భారం పడి వస్తుంది. వెంట ఫిజియోలు ఉండే క్రీడాకారిణికే తప్పనిది, మన పిల్లలకు తప్పుతుందా?

ఇక మోకాలి లిగమెంటు. గెంతి దిగేటప్పుడు, పరుగులో గబుక్కున మళ్లేటప్పుడు తెగుతుంది. అదే ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం ఒక కారణం. దీన్ని అభ్యాసంతో సరిదిద్దవచ్చు. ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా తయారుచేయించిన '11 ప్లస్' అనే 20 నిమిషాల వ్యాయామం ఇందుకే. మెల్లని పరుగు, తొడలకు బలమిచ్చే కసరత్తులు, ఒంటికాలిపై నిలబడడం, మెత్తగా గెంతి దిగడం—ఇంతే! నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల బాలికలతో చేయించి చూస్తే దెబ్బలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2008లో తేల్చారు. డబ్బు ఖర్చు లేదు కదండీ! ఆట మొదలుపెట్టే ముందు ఇది చేయిస్తున్నారా అని స్కూల్లో పి.ఇ.టి. గారిని అడగండి.

మిగతాది మన వంటింట్లో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. పైగా, బరువు తగ్గితే పరుగు పెరుగుతుందని పూట తిండి మానేసే పిల్లలున్నారు. సాధనకు తగిన తిండి లేకపోతే నెలసరి తప్పుతుంది, ఎముక బలం తగ్గుతుంది. బహిష్టు రాలేదని సంతోషించకండి; మూడు నెలలు వరసగా రాకపోతే లేడీ డాక్టరుకు చూపించండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, వేరుశనగ ఉండలు—కడుపునిండా పెట్టండి. రెంటచింతల ఎండలు తెలిసినవే. వేసవిలో సాధన పొద్దున్నే ముగించాలి, ఉప్పు వేసిన మజ్జిగ సీసా వెంట ఉండాలి.

పెద్ద జట్లవాళ్లు ఏ దెబ్బ ఎప్పుడు తగిలిందో రాసుకుని, కారణం వెతికి, జాగ్రత్త పెట్టి, తగ్గిందో లేదో మళ్లీ చూసుకుంటారు. మనమూ ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం. ఎంతసేపు ఆడింది, ఎక్కడ నొప్పి, ఎంత నిద్ర, నెలసరి తేదీ—రోజూ నాలుగు మాటలు చాలు. ఒకేచోట నొప్పి వారంపాటు రాయవలసి వస్తే ఆట ఆపి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.

"చెబితే ఒక మ్యాచ్ పోతుందేమో, దాస్తే ఆటే పోతుందే తల్లీ" అని మీరే అమ్మాయికి నచ్చజెప్పండి. కోచ్ మాటకంటే అమ్మ మాట త్వరగా చెవికెక్కుతుంది.