అవ్వ చేతిలో పాత ఫోను
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలూ కోలాటాలూ జరిగే పండుగ సభలో కంప్యూటరు మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి కూలీలను ఎక్కించుకుని డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. ఆ ఓడల జాబితాలలో మన ముత్తాతల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళ పేర్లు రాసి ఉన్నాయి. ఇవాళ మన పిల్లలు వాటిని వెతుక్కునేది బ్రౌజరులో. బ్యాంకు లెక్క చూసుకునేది, ఆంధ్రదేశంలోని వార్తలు చదివేది, పెళ్ళి ఫోటోలు చూసేది కూడా చాలామంది అందులోనే. క్రోము, సఫారీ, ఫైర్‌ఫాక్సు అనేవి బ్రౌజర్ల పేర్లు. కనుక ఈ విషయం మన ఇళ్ళలోదే.

మన పెద్దావిడ ఒకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. “నేను ఎవరికీ నంబరు చెప్పలేదు నాయనా, ఏదీ డౌన్‌లోడు చేయలేదు. పేజీ చూశానంతే. చూసినంత మాత్రాన దొంగ లోపలికి రాగలడా?” అని. చాలా మంచి ప్రశ్న. మామూలుగా మనవాళ్ళను మోసగించేవారు ఫోను చేసి మాయమాటలు చెప్పేవారే. అక్కడ మన జాగ్రత్త పనిచేస్తుంది. కాని చూసినంత మాత్రాన కూడా అపాయం రాగల దారి ఒకటుంది. అందులో చూసేవారి తప్పు ఏమీ ఉండదు. ఆ దారి గురించే నేను మనవి చేస్తాను.

కంప్యూటరు మెమరీ అంటే నంబర్లు వేసిన గళ్ళ వరుస. మన పోపుల పెట్టెను తలచుకోండి. ఆవాలకు ఒక గిన్నె, జీలకర్రకు ఒక గిన్నె, మెంతులకు ఒక గిన్నె. ఆవాల గిన్నెలో పట్టేదానికంటే ఎక్కువ పోస్తే పక్కనున్న జీలకర్రలో పడతాయి. వంటింట్లో అయితే ఏరుకుంటాం. కంప్యూటరులో పక్క గిన్నెలో ఉండేది “తరువాత ఏ పని చేయాలి” అనే ఆజ్ఞ కావచ్చు. దొంగ కొలత చూసుకుని మరీ ఎక్కువ పోస్తాడు. ఒలికినది సరిగ్గా ఆ ఆజ్ఞ మీద పడి, దాని చోట తన ఆజ్ఞ నిలిచేటట్లు చూస్తాడు. అప్పటినుంచి యంత్రం వాడి మాట వింటుంది.

ఇది కొత్త సంగతి కాదు. బ్రౌజర్లు పుట్టకముందే, 1988 నవంబరు 2న, అమెరికాలో మోరిస్ అనే విద్యార్థి వదిలిన ఒక ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న దారులలో ఒకటి ఇదే. 512 అక్షరాలు పట్టే చోటికి 536 అక్షరాలు పంపింది. కొలిచి చూసేవారు లేక, మిగిలినవి పక్కకు ఒలికాయి.

కొలిచేవారు ఎందుకు లేరు? బ్రౌజర్లలో ఎక్కువ భాగం సి, సి ప్లస్ ప్లస్ అనే భాషలలో రాసినవి. సి భాషను 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించారు. ఆనాటి యంత్రాలు చిన్నవి. ప్రతిసారీ కొలిచి చూడడానికి వాటికి తీరిక లేదు. పోసేవాడే చూసి పోస్తాడని భాష నమ్మింది. రాసేవారూ వినేవారూ ఒకే గదిలో ఉన్నంతకాలం ఆ నమ్మకం చెల్లింది. బ్రౌజరు సంగతి అలా కాదు. ముక్కూ మొగం తెలియనివారు పంపిన అక్షరాలను, బొమ్మలను, వీడియోలను, చివరికి ప్రోగ్రాములను కూడా అది రోజంతా విప్పి చూస్తూ ఉంటుంది.

రెండవ రకం లోపం ఇంకా గడుసుది. అద్దె ఇల్లు ఖాళీ చేసినవారు తాళంచెవి తిరిగి ఇవ్వలేదనుకోండి. ఆ ఇంట్లోకి వేరొకరు దిగారు. పాతవారు అది ఇంకా తమ ఇల్లే అనుకుని వచ్చి, బల్లమీద ఉన్న చీటీ తమ చీటీయే అని నమ్మి, దానిలో రాసినట్లు చేస్తారు. బ్రౌజరు కూడా ఒక చోటును వాడి, ఖాళీ చేసి, ఆ చోటు నంబరును మాత్రం ఎక్కడో దాచుకుని మళ్ళీ అక్కడికి వెళుతుంది. ఈ లోపల దొంగ ఆ చోట తన చీటీ పెడతాడు. 2020లో క్రోము బ్రౌజరును తయారుచేసేవారు తమ తీవ్రమైన భద్రతా లోపాలను లెక్కవేసి, వాటిలో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని, అందులో సగం ఈ తాళంచెవి రకమేనని ప్రకటించారు. మైక్రోసాఫ్ట్‌వారు 2019లో చెప్పిన లెక్క కూడా 70 శాతం దగ్గరే.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. వెబ్‌పీ అని ఒక రకం బొమ్మలు ఉన్నాయి. కుదించి పంపిన బొమ్మను విప్పడానికి బ్రౌజరు ముందుగా ఒక పట్టిక తయారుచేసుకోవాలి. ఆ పట్టికకు కేటాయించిన చోటు మంచి బొమ్మకు సరిపోతుంది. దుర్బుద్ధితో తయారుచేసిన బొమ్మకు చాలక, పక్కకు ఒలుకుతుంది. 2023 సెప్టెంబరులో ఆపిల్ భద్రతా విభాగం, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ ఈ సంగతి గూగుల్‌కు తెలియజేశాయి. అప్పటికే దొంగలు దీన్ని వాడుకుంటున్నారని గూగుల్ చెప్పింది. 11వ తేదీన క్రోముకు, మరునాడు ఫైర్‌ఫాక్సుకు మరమ్మతు వచ్చింది. వేర్వేరు బ్రౌజర్లకు ఒకే జబ్బు ఎందుకు వచ్చింది? బొమ్మను విప్పే ప్రోగ్రాము అన్నింటిలోనూ ఒకటే. ఒకే మరలో పట్టిన పిండిని నాలుగిళ్ళవారు తెచ్చుకున్నట్లు.

మరి తయారుచేసేవారు చేతులు కట్టుకుని కూర్చున్నారా? లేదు. 2008లో క్రోము వచ్చినప్పుడే పేజీలను వేరు వేరు గదులలో పెట్టి, ఒక గదిలో దొంగ దూరినా ఇల్లంతా తిరగకుండా కట్టడి చేసింది. 2018లో ఒక్కొక్క వెబ్‌సైటుకు విడి గది ఏర్పరచింది. మెమరీలో వస్తువుల స్థానాలను ప్రతిసారీ మార్చి, దొంగకు దారి తప్పించే ఏర్పాటు కూడా ఉంది. వీటన్నిటికంటే మూలానికి వెళ్ళినది రస్ట్ అనే భాష. ఫైర్‌ఫాక్సును చేసే మొజిల్లాలో అది పెరిగింది, 2015లో మొదటి స్థిరరూపం పొందింది. ప్రోగ్రాము తయారవుతున్నప్పుడే అది తాళంచెవుల లెక్క అడుగుతుంది. గిన్నెలో పట్టనిది పోయబోతే అక్కడికక్కడే ఆపేస్తుంది. 2017 నాటికి ఫైర్‌ఫాక్సులో ఒక ముఖ్యభాగం ఆ భాషలో తిరిగి రాశారు. కాని పాత భాషలో కోట్ల వరుసలు ఉన్నాయి. పాత ఇంట్లో కాపురం ఉంటూనే గోడ తరువాత గోడ మార్చుకున్నట్లు ఆ పని సాగుతున్నది.

ఇక మన వంతు. ఇక్కడ యువతీ యువకులు ఒక్క నిమిషం శ్రద్ధగా వినాలి.

మరమ్మతు వచ్చిందని ప్రకటించిన రోజున మంచివారితో పాటు దొంగలు కూడా దాన్ని చదువుతారు. ఏ గోడకు మాటు వేశారో చూస్తే, కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది కదా. ఆనాటినుంచి అపాయమంతా మరమ్మతు చేరని ఫోన్లకే. మన ఇళ్ళలో అటువంటి ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మనవడు కొత్త ఫోను కొనుక్కుని, పాతది అవ్వకు ఇస్తాడు. తయారుచేసినవారు మరమ్మతులు పంపడం మానివేసిన ఫోను అది. ప్రేమతోనే ఇస్తాడు, సందేహం లేదు. కాని ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆసరా కావలసినవారికి అన్నిటికంటే బలహీనమైన తలుపు ఇచ్చినట్లయింది. తరువాత ఏదైనా జరిగితే “నువ్వేం నొక్కావు?” అని అవ్వనే నిలదీస్తాం.

కనుక నా విజ్ఞప్తి ఇది. ఈ పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ ఫోను, తాత ఫోను చేతిలోకి తీసుకోండి. సెట్టింగులలో అప్‌డేటు ఉందేమో చూడండి. ఐఫోనులో సఫారీ మరమ్మతు ఫోను అప్‌డేటుతో పాటే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో బ్రౌజరుకు ప్లే స్టోరులో విడిగా చూడాలి. కంప్యూటరులో అయితే మరమ్మతు దిగిన తరువాత బ్రౌజరును ఒకసారి మూసి తెరవాలి. మూయకపోతే పాతదే నడుస్తూ ఉంటుంది. అసలు అప్‌డేట్లే రావడం ఆగిపోయి ఉంటే, ఆ ఫోనులో బ్యాంకు పని చేయనివ్వకండి. నలుగురూ కలిసి ఇంకా మరమ్మతులు వచ్చే ఫోను ఒకటి కొనిపెట్టండి. అది ఖరీదైనది కానక్కరలేదు.

పెద్దలకు కూడా ఒక మాట. చూస్తున్న పేజీలో “వెంటనే అప్‌డేటు చేయండి” అని వస్తే నొక్కకండి. అది మోసం కావచ్చు. నిజమైన అప్‌డేటు సెట్టింగులలోనో, ప్లే స్టోరులోనో, బ్రౌజరు సొంత మెనూలోనో ఉంటుంది. తెలియకపోతే పిల్లలను అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. ఇది మీ అజ్ఞానం వల్ల వచ్చిన చిక్కు కాదు. భాష నేర్చినవారు, పెద్ద చదువులు చదివినవారు యాభై ఏళ్ళుగా సరిదిద్దుతున్న లోపం.