కొలపాత్ర ముందు అందరూ సమానమే

(మహిళా పాల ఉత్పత్తిదారుల శిక్షణ తరగతిలో ఒక సంఘ అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే పాలు పోసి, పశువులకు మేత వేసి, ఇంటిపని ముగించుకుని ఇంతదూరం వచ్చారు. అందుచేత నాలుగు మాటల్లో ముగిస్తాను. నిజాయితీగా వ్యాపారం చేసుకుంటూ తోటి ఆడవాళ్లను పైకి తేవడం ఎలా అన్నది నాకిచ్చిన విషయం.

ముందు పాల సంగతి కాదు, అప్పడాల సంగతి చెబుతాను. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్‌గాంలో ఏడుగురు గృహిణులు ఒక మేడమీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు తెచ్చినదే. ఆ రోజు తయారైనవి నాలుగే పొట్లాలు. అదే నేటి లిజ్జత్ సంస్థ. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

మొదట్లో వారు రెండు రకాలు చేసేవారు. మేలురకం ఒకటి, చౌకగా అమ్మడానికి నాసిరకం ఒకటి. వారికి పెద్దదిక్కుగా నిలిచిన ఛగన్‌లాల్ పారేఖ్ గారు ఒకే నాణ్యతతో చేయండి, దానిని ఎన్నటికీ తగ్గించకండి అని సలహా ఇచ్చారు. వారు ఆ మాట పట్టుకున్నారు. నష్టం వచ్చినా విరాళాలకు చేయి చాపకూడదని కూడా నిశ్చయించుకున్నారు. అక్కడ పిండి కేంద్రంలో కలుపుతారు. ఆడవాళ్లు దానిని ఇంటికి తీసుకుపోయి, ఒత్తి, ఆరబెట్టి తెస్తారు. తనిఖీలో నిలిచినవాటికే మజూరీ. నిన్న చేరిన మనిషికీ, ఇరవై ఏళ్ల మనిషికీ తనిఖీ ఒక్కటే.

ఇక మన పాలకు వద్దాం. నీళ్లు కలిపితే లాక్టోమీటరు లోతుగా మునిగి రీడింగు తగ్గుతుంది. వెన్న తీస్తే రీడింగు పెరుగుతుంది. రెండూ చేస్తే లాక్టోమీటరు ఒక్కదానితో పట్టుబడకపోవచ్చు. అందుకే వెన్నశాతం కూడా చూస్తాం. ఇది మీకు తెలిసినదే. నాకూ తెలుసు. తెలిసే తప్పు చేశాను.

చాలా ఏళ్ల కిందట మా సంఘంలో పాలు పరీక్షించే పని నాది. ఒక సాయంత్రం మా తోడికోడలు పాలలో లాక్టోమీటరు బాగా మునిగింది. ఇంటి మనిషి కదా అని మంచి అంకె వేసి రాశాను. తర్వాత కొన్ని పూటలు అదే జరిగింది. సంఘం సభ్యులకు డబ్బు ఇచ్చేది నేను రాసిన అంకెను బట్టి. సంఘానికి డబ్బు వచ్చేది క్యాన్లో ఉన్న పాలను బట్టి. ఆ రెంటికీ నడుమ లోటు పడింది. ఆ లోటు అందరి బోనస్‌లోంచి పోయింది.

సర్వసభ్య సమావేశంలో, ఒక్క గేదెతో ముగ్గురు పిల్లలను సాకుతున్న ఒక తల్లి లేచి, "అక్కా, నా పాలలో నీళ్లు లేవే, నా డబ్బు ఎందుకు తగ్గింది?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి సమావేశంలో జరిగింది ఒప్పుకుని, లోటు సొమ్మును వాయిదాల మీద కట్టాను. మా తోడికోడలు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు అందరితోపాటు వరుసలో నిలబడి మంచి పాలు పోస్తోంది. ఆనాటినుంచి మా కేంద్రంలో పోసిన మనిషి కళ్లెదుటే పరీక్ష చేసి, అంకె చదివి వినిపించి, పాస్‌బుక్కులో రాస్తాం. ఇప్పుడు మిషన్ వచ్చింది. అయినా చదివి వినిపించడం మానలేదు.

రెండవది, తోటివారికి సాయం. మా సభ్యురాలు ఒకామె కోవా వ్యాపారం పెడతాను, పాలు తక్కువ ధరకు ఇప్పించండి అని వచ్చింది. ధర తగ్గించలేదు. ఆ తగ్గింపు మిగతావాళ్ల చెంబులోంచి తీసి ఇచ్చినట్టే కదా! దానికి బదులు కోవా అమ్మి వారానికి ఒకసారి డబ్బు కట్టే వీలు కల్పించాం. కూర్చోబెట్టి లెక్క చెప్పాం. అయిదు లీటర్ల గేదెపాలు కాస్తే సుమారు కిలో కోవా వస్తుంది. పాల ఖరీదు, వంటచెరకు, పొట్లాల కాగితం వేసుకుంది గాని, పొయ్యి ముందు కూర్చున్న తన కూలి వేసుకోలేదు. మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. కూలి వేసుకోనివారు చివరకు కల్తీకో, అప్పుకో దిగుతారు.

తర్వాత ఇంకొకామె కూడా కోవా మొదలుపెట్టింది. "నా బేరం తీసేవాళ్లకు మీరే పాలిస్తారా?" అని మొదటామె కోపంగా వచ్చింది. నీకిచ్చిన వీలే ఆమెకూ ఇచ్చాం, ఎక్కువా లేదు, తక్కువా లేదు అన్నాం. ఆ వేసవిలో ఒక పెళ్లికి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక్క పొయ్యి మీద తెమిలేది కాదు. మొదటామె తానే రెండవామె ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఒకే తూకం, ఒకే రకం అని మాట అనుకుని పని పంచుకున్నారు.

సోదరీమణులారా, తోటి ఆడదానికి అప్పు ఇప్పించండి, పని నేర్పండి, గిరాకీ చూపించండి. తూకంలో మాత్రం మొహమాటం వద్దు. ఈ సాయంత్రం పాలు పోసేటప్పుడు మీ అంకె అడిగి చదివించుకోండి. పక్కామెకు చదవడం రాకపోతే ఆమెదీ చదివి చెప్పండి.