మేలుకొనని కంప్యూటరు



పూర్వము ఇంటి పెద్ద తన పత్రములను ట్రంకుపెట్టెలో భద్రపరచుకొనెడివాడు. నేడు పెక్కు కుటుంబములలో ఆ పని కంప్యూటరు చేయుచున్నది. సర్వీసు కాగితముల నకళ్లు, పింఛను లెక్కలు, పిల్లల ధ్రువపత్రములు, స్వగ్రామమున గడచిన పెండ్లిండ్ల ఫోటోలు అందులోనే యుండును. అట్టి యంత్రము ఒకనాడు మీట నొక్కినను పలుకకున్నచో ఇంటిల్లిపాదికిని గుండె గుభేలుమనుట సహజము. ఆ కంగారులో కొందరు సర్వమును పోయినదని తలచి, పెట్టెను పాత సామానుల వానికి ఇచ్చివేయుదురు. మరికొందరు స్క్రూడ్రైవరు చేతబట్టి దొరికినదెల్ల విప్పుదురు. మొదటివారికి పత్రములు పోవును; రెండవవారికి ప్రాణాపాయము కలుగవచ్చును. ఈ రెండింటికిని విరుగుడు క్రమము తప్పని పరీక్ష. గోడ నుండి మొదలిడి, విద్యుత్తు నడచు త్రోవ వెంటనే ఒక్కొక్క మజిలీ చూచుకొనుచు లోనికి పోవలెను.

అంతకు ముందొక సంగతి తేల్చుకొనవలెను. పెట్టెలో పంకా తిరుగుచు, దీపము వెలుగుచు, తెర మాత్రము నల్లగా నున్నచో యంత్రము మేలుకొన్నట్లే. అప్పుడు తెరకు గల కరెంటు తీగను, పెట్టెకును తెరకును నడుమ నున్న తీగను చూడవలెను. పంకా గాని దీపము గాని కదలనిచో మాత్రమే ఈ క్రింది పరీక్ష అవసరము.

మొదటిది గోడలోని సాకెట్టు. టెస్టరు వెలిగినంత మాత్రమున కరెంటు సరిగా నున్నదని నమ్మరాదు. న్యూట్రల్ తీగ తెగియున్నను టెస్టరు వెలుగును. ఒక టేబులు దీపమును తగిలించి చూచుట మేలు. రెండవది యు.పి.ఎస్. అందలి బ్యాటరీ కొన్ని యేండ్లకే బలహీనపడును గనుక, దానిని తప్పించి కంప్యూటరును నేరుగా గోడకు కలుపవలెను. మూడవది తీగ. పెట్టెకును తెరకును చాల ఇండ్లలో ఒకే రకపు తీగ లుండును. వానిని తారుమారు చేసి చూచినచో చెడినదేదో క్షణములో తెలియును. నాల్గవది పెట్టె వెనుక నుండు చిన్న స్విచ్చి. ఇల్లు తుడుచునప్పుడు అది ఆగిపోవుట కలదు. కొన్ని పాత యంత్రములలో దాని ప్రక్కనే 115, 230 అను అంకెలు గల మరియొక మీట యుండును. మన దేశమున సరఫరా 230 వోల్టులు. ఆ మీటను 115 వైపునకు జరిపినచో పవర్ సప్లై కాలిపోవును.

ఇవన్నియు సరిగా నున్నను యంత్రము కదలనిచో, పెన్ డ్రైవు, ప్రింటరు మొదలగువాని నన్నిటిని ఊడదీయవలెను. పిదప గోడ నుండి ప్లగ్గు తీసి, ముందు మీటను అర నిమిషము అదిమిపట్టి, తిరిగి కలిపి చూడవలెను. ఇది మంత్రము కాదు. 1995లో ఏటీఎక్స్ అను పద్ధతి వచ్చినది మొదలు ముందు మీట కరెంటును స్వయముగా కలుపుట లేదు. మదర్ బోర్డునకు సంజ్ఞ మాత్రమే చేయును. ప్లగ్గు ఉన్నంత సేపు లోపల 5 వోల్టుల విద్యుత్తు కొంత సిద్ధముగా నుండును. హెచ్చుతగ్గులు వచ్చినప్పుడు పవర్ సప్లై తన్ను తాను బంధించుకొనుట కలదు. నిలువయున్న విద్యుత్తు ఖర్చైనచో ఆ బంధము వీడవచ్చును.

అటుపిమ్మట లోపలి పని. అలవాటున్నవారు ప్లగ్గు తీసి, పెట్టె లోహమును తాకి, ర్యామ్ పలకలను ఊడదీసి మరల గట్టిగా అమర్చవచ్చును. కాని పవర్ సప్లై అను రేకుపెట్టెను ఎవరును విప్పరాదు. 230 వోల్టుల విద్యుత్తు అందు దాదాపు 325 వోల్టులుగా కెపాసిటర్లలో చేరును. ప్లగ్గు తీసిన తరువాతను కొంతకాలము నిలిచియుండును. అది చెడినచో మొత్తము మార్పించుటయే మార్గము.

పత్రముల మాట యేమి? అవి హార్డు డిస్కులోనో, దాని వంటి మరియొక పలకలోనో వేరుగా నుండును. పవర్ సప్లై చెడినప్పుడు సాధారణముగా అవి చెక్కుచెదరవు. ఆ భాగమును తీసి వేరొక కంప్యూటరునకు కలిపి చదువవచ్చును. దానికి రహస్య సంకేతము వేసియున్నచో ఆ సంకేతము మాత్రము చేత నుండవలెను. అందుచేత మరమ్మతునకు ఇచ్చునప్పుడు, డిస్కును చెరపరాదని ముందుగనే స్పష్టముగా చెప్పుట అవసరము. వీలైనచో దానిని తీసి ఇంటనే ఉంచుకొనుట మరింత క్షేమము.

ముఖ్యమైన ఉత్తరమును నకలు తీయక పంపు గుమాస్తా ఏ కార్యాలయమునందును ఉండడు. ఆ కట్టుబాటును ఇంటి కంప్యూటరు విషయమున కూడ పాటించి, నెలకొకమారు పత్రములను వేరొక డిస్కునకు ఎక్కించి బీరువాలో పెట్టుకొన్నవారికి, మీట నొక్కినను యంత్రము పలుకని నాడు ఖర్చేగాని దుఃఖముండదు.