కంప్యూటరుపై కారు పందెములు

2023 ఫిబ్రవరి 11వ తేదీన హుసేన్ సాగరు ఒడ్డున ‘ఫార్ములా ఈ’ విద్యుత్కార్ల పందెము జరిగినది. బాట పొడవు రమారమి 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. అంతకుముందు అచ్చట అట్టి పందెమే జరుగలేదు. ఇట్టి క్రొత్త బాటలను చోదకులు ముందుగా నేర్చుకొనునది సిమ్యులేటరులోనే. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, చివరి చుట్లలో బ్యాటరీశక్తి తనకు తక్కువగా మిగిలినను, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని దాటిపోనీయలేదు.

ఆ సిమ్యులేటర్లకు చిన్న తమ్ముళ్లే నేడు మన యిండ్లలో పిల్లలాడు కారు పందెములు. వీనిలో నిజమెంత? సుచిత్ర చౌరస్తా దాపున నివసించు నా మిత్రుడొకడు ఈ ప్రశ్ననే వేరొక తీరున నడిగినాడు. “మావాడికి పదహారేళ్లు. కంప్యూటరు మీద ఎంత వేగంగా పోయినా మలుపు తప్పడు. మేడ్చలు రోడ్డు మీద కారు ఇవ్వొచ్చునంటావా?” పదునెనిమిదేండ్లు నిండనిదే లైసెన్సు లేదు గనుక ఆ మాటకు చట్టమే బదులు చెప్పినది. ఆటల సంగతి మాత్రము విచారింపదగినది.

బొమ్మ అచ్చముగా నున్నచో ఆట నిజమైనదని చాలమంది తలంతురు. నేనట్లు తలంపను. 1998లో వచ్చిన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ బొమ్మలు నేటి కంటికి మోటుగా తోచును. కాని 1967 నాటి కార్ల నడక అందున్నది. కారును గాలిచే నేలకదుము రెక్కలు ఆనాటి కార్లకు లేవు. యాక్సిలరేటరు కొంచెము తొందరపడి త్రొక్కినచో బొంగరమువలె తిరుగును. మొదటి చుట్టు పూర్తిచేయలేక విసిగి వదలినవారెందరో! నిలిచినవారికి మాత్రము ఒక్క చుట్టు తప్పులేకుండ తిరుగుటయే పండుగ. 1994లో మొదలైన ‘నీడ్ ఫర్ స్పీడ్’ వరుసది వేరు దారి; కూర్చున్న గడియలోనే ఉల్లాసము, మరునాటికి మరపు. 1997 నాటి ‘గ్రాన్ టురిస్మో’ నడిమి మార్గము త్రొక్కినది. చౌక పాతకారుతో మొదలిడి, లైసెన్సు పరీక్షలు నెగ్గి, మెల్లగా మేలైన కార్లకు ఎక్కవలెను. సంసారపక్షముగ నున్న ఆట!

2008లో వచ్చిన ‘ఐరేసింగ్’ పందెపుబాటలను లేజరుతో కొలిచి, గతుకులను సైతము చూపినది. 2014 నాటి ఇటలీవారి ‘అసెట్టో కోర్సా’లో నిజమును, వేడుకయు చక్కగా కుదిరినవని నా అభిప్రాయము. ఐతే దానిని మీటలతో ఆడిన ఫలము లేదు. మోటారు అమర్చిన స్టీరింగు కావలెను. ముందుటైర్లు నేలను పట్టియున్నంతవరకు అది చేతికి బరువుగా తగులును. పట్టు వదలనారంభింపగానే తేలికపడును. ఆ తేలికదనమును కంటికంటె ముందు అరచేయి గ్రహించును. అభ్యాసము వట్టిపోదనుటకు జాన్ మార్డెన్‌బరో సాక్షి. గ్రాన్ టురిస్మో ఆటగాండ్రకై పెట్టిన పోటీని 2011లో గెలిచిన ఆ యువకుడు, 2013లో లె మాన్ 24 గంటల పందెమున తన తరగతిలో మూడవ స్థానము పొందిన జట్టులో కారు నడపినాడు. కాని ఈ నడుమ అతడు నిజమైన కార్లలోనే శిక్షణ పొందినాడని మరువరాదు.

ఏలయన బ్రేకు వేసినపుడు పట్టీలపైకి దేహము విసరివేయబడుటను యింటి కుర్చీ చూపజాలదు. భయమునుకూడ చూపజాలదు, గోడకు గుద్దినను మీట నొక్కినచో కారు మరల క్రొత్తదగును. మరి కొంపల్లి మీదుగా మేడ్చలు పోవు దారిలో ఆగిన బస్సు చాటునుండి అడుగువేయు ముసలమ్మ ఏ పందెపుబాటలోను లేదు. ఆమెను ముందే ఊహించుట ఆ బాలుడింకను నేర్వవలసిన విద్య. ఈ మాట మిత్రునితో అన్నాను. అతడు తాళపుచెవిని బీరువాలో దాచినాడు, కుమారుడు నాతో మాటలాడుట మానినాడు!

ఇంటికి ఈ సామగ్రి కొనదలచినవారు పెద్ద తెరకంటె ముందు బ్రేకు పెడలును చూడుడు. పాదము ఎంత దూరము దిగినదో కొలుచునవి చౌకరకములు. ఎంత బలముతో నొక్కినదో కొలుచునవి మేలైనవి. నిజమైన కారు బ్రేకు అట్లే పాదబలమునకు లొంగును. చుట్టులో క్షణములు మిగులునదియు, పోవునదియు ఎక్కువగా ఆ పెడలు వద్దనే.