పలక మనది, పైకం ఎవరిది?

(దొరవారిసత్రంలో పలక కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2022లో ఈ మండలాన్ని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపినారు. జిల్లా మారినా ఊరి పేరులో దొర అట్టనే ఉండాడు, సత్రం అట్టనే ఉండాది. మన పలకకు మాత్రం ఆ పేరులో చోటు లేదు. పాటల లెక్కల పుస్తకంలోనూ లేదు. అందుకే పాటల వ్యాపారంలో నలిగే ఐదు మాటల గురించి చెప్పాలని నిలబడ్డాం. "పలక కాచడం మాకు తెలుసు, దరువు తెలుసు. ఈ కోర్టు మాటలు మాకు దేనికి సారూ?" అని ఒక తమ్ముడు అడిగినాడు. దేనికో ముందు చెబుతాం.

మా పేటలో నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గరికి ఒకాయన వచ్చినాడు. ఫోను పెట్టి ఐదారు పాటలు పాడించుకున్నాడు. మనిషికి రెండు వందలు చేతిలో పెట్టి, అచ్చువేసిన కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నాడు. ఆర్నెల్లకు తిరణాల మైకులో ఆ పాట మోగింది. "అబ్బయా, అది నా గొంతే" అంది మా పెద్దమ్మ. పిల్లలు ఫోనులో వెతికి చూస్తే కింద ఎవరి పేరో ఉంది, ఆమె పేరు లేదు. ఆ కాగితం నకలు తెప్పించి చదివినాం. "సర్వహక్కులు శాశ్వతంగా" అని రాసుంది. ఆయన వేలిముద్రలు వేయించుకునే పూట మేము అదే ఊరి బడిలో పాఠం చెప్పుకుంటా ఉండాం. చదువుకున్న వాళ్లం ఉండి కూడా వాడవాళ్లకు ఈ మాటలు ముందే చెప్పలేదు. ఆ తప్పులో మాకూ పాలుంది. ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మొదటి మాట వెట్టి. చావుకు రమ్మంటారు, జాతరకు రమ్మంటారు, దండోరాకు రమ్మంటారు. "మీ తాతల నాటి ఆచారం గదరా" అంటారు. ఆచారమైతే సన్నాయి మేళానికి తాంబూలంలో పెట్టి ఇచ్చి, పలకకు గిన్నెడు సారా పోసి పంపడం ఏం ఆచారం? భారత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. రాసినాయన మన బాబాసాహెబ్. కూలి లేకుండా బలవంతాన కొట్టించుకునే ప్రతి దెబ్బా రాజ్యాంగం మీద దెబ్బే.

రెండో మాట బయానా. రేటు ముందు మాట్లాడుకోవాలి. ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ ఊరు, తిండి, బండి ఖర్చు ఎవరిది అన్నీ కాగితం మీద రాసుకోవాలి. బయానా చేతిలో పడినాకే పలక భుజానికి ఎక్కాలి. బేరం అందరి తరఫునా ఒక్కరే ఆడాలి. ఒక పల్లె జట్టు కాదన్న రేటుకు పక్క పల్లె జట్టు పోతే రెండు పల్లెలూ మునుగుతాయి.

మూడో మాట కాపీరైటు. 1957 నాటి చట్టం ఇది. ఒక పాటలో మాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడేవారు, వాయించేవారు, రికార్డు చేసేవారు వేరు వేరు. ఎవరి హక్కు వారిదే. 1979 నాటి "మా భూమి" సినిమాలో "బండెనక బండి కట్టి" పాట పాడింది గద్దర్. రాసింది బండి యాదగిరి. పాట ఊరూరా తెలుసు గాని, రాసినాయన పేరు ఎంతమందికి తెలుసు? మాటకు, బాణీకి హక్కు కట్టినవారి జీవితకాలం, ఆపైన ఇంకో అరవై ఏండ్లు ఉంటుంది. 2017లో ఇళయరాజా తన బాణీలను కచేరీలో అనుమతి లేకుండా పాడవద్దని మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికే లాయరు నోటీసు పంపినాడు. ఎవరిది న్యాయమన్న తగవు మనకొద్దు. అంత పెద్దవాళ్లే లెక్క చూసుకుంటుంటే, లేనివాళ్లం మనమెందుకు వదులుకోవాలి?

నాలుగో మాట రాయల్టీ. మడిని అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది. కౌలుకిస్తే పంట పంటకూ వస్తుంది. రాయల్టీ పాటకు వచ్చే కౌలు. 2012లో చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కును నిర్మాతకు వదిలేయడానికి వీల్లేదన్నారు.

ఐదో మాట ప్రదర్శకుల హక్కు. మనకు ముఖ్యమైంది ఇదే. తాతల నాటి పాటకు రాసినవారు ఎవరో తెలియదు. అది ఒక్కరి సొత్తు కాదు. కాని పాడిన గొంతు, కొట్టిన చెయ్యి ఫలానా మనిషివే. 1994 సవరణతో వాటికీ హక్కు వచ్చింది. అది ఇప్పుడు యాభై ఏండ్లు ఉంటుంది. పాడినవారి పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఉంది. 2021లో "సారంగదరియా" సినిమా పాటగా వచ్చినప్పుడు, జానపదాన్ని సేకరించి పాడినవారి పేరు మీద పెద్ద చర్చే నడిచింది.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. హక్కు రాసిచ్చే కాగితంలో ఎన్నేండ్లకు అని రాయకపోతే, చట్టం దాన్ని ఐదేండ్లుగానే లెక్క కడుతుంది. "శాశ్వతంగా" అన్న ఒక్క మాట లేకుంటే మా పెద్దమ్మ గొంతు ఐదేండ్లకు ఆమె దగ్గరికి తిరిగొచ్చేది. ఒక్క మాట చదవలేక బతుకంతా పోయింది. చదువు ఎందుకని అడిగేవాళ్లకు ఇదే మా జవాబు.

రాష్ట్రంలో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జూలై నుంచి దాన్ని నెలకు 4000 రూపాయలు చేసినారు. అర్హులందరూ అడిగి తీసుకోండి. అయితే పింఛను ముసలితనానికి ఆసరా. వయసులో కొట్టిన దెబ్బకు కూలి వేరు. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొడితే ఊరుకోవద్దు.

కాబట్టి మూడు పనులు చేద్దాం. వాడవాడకూ ఒక నోటుబుక్కు పెట్టి మన పాటలు, పాడినవారి పేర్లు, తేదీలు రాయిద్దాం. రాసేది మన పిల్లలే కావాలి. మండలమంతా ఒకే రేటు కట్టుకుందాం. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు. రాత్రి పన్నెండుకైనా మా తలుపు తట్టండి, చదివి చెబుతాం.

చిర్ర మన చేతిలోనే ఉంది. ఇక కలం కూడా పడదాం. జై భీమ్!